సన్‌మైకా ఎవరికి కావాలి?

లామినేట్ షీటు కొనాలన్న కోరికతో ఎవరూ ఇంట్లోంచి బయల్దేరరు. ఒకరికి బట్టల అలమర కావాలి. ఇంకొకరికి వంటగదిలో అరలు కావాలి. ఆఫీసుకు బల్లలు కావాలి. రోజూ కడిగినా పాడవని గోడ ఆసుపత్రికి కావాలి. ఇన్ని అవసరాల మీద ఆఖర్న వచ్చి అంటుకునే ఒక మిల్లీమీటరు పొర పేరు లామినేట్. కాబట్టి ఎవరైనా దీని గిరాకీ ఇంత అని ధీమాగా ఒక అంకె చెబితే, ఆ అంకె దేన్ని కొలిచిందని ముందు అడగాలి. షీట్లనా, బోర్డులనా, బల్లలనా? ఈ ప్రశ్న వేయకపోతే తర్వాత చదివేదంతా గందరగోళంగానే ఉంటుంది.

చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. మన వడ్రంగులు దీన్ని సన్‌మైకా అంటారు. అమెరికాలో, ఇంగ్లండులో ఫార్మికా అనేది వాడుక. రెండూ బ్రాండ్ల పేర్లే, వాడకంలో సరుకు పేరుగా స్థిరపడిపోయాయి. రెంటి తోకలోనూ మైకా ఉంది కానీ షీటులో మైకా, అంటే అభ్రకం, రవ్వంత కూడా ఉండదు. అసలు అభ్రకం లేకపోవడమే ఫార్మికా అనే పేరుకు కారణం. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసిన డేనియల్ ఓ'కానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1913లో బయటికొచ్చి అమెరికాలోని సిన్సినాటిలో సొంత కంపెనీ పెట్టుకున్నారు. అప్పట్లో విద్యుత్ పరికరాల్లో ఇన్సులేషన్‌కు అభ్రకం వాడేవారు. దాని బదులు వాడదగ్గ సరుకును వీళ్లు రెజిన్‌తో, అంటే వేడికి గట్టిపడే జిగురులాంటి రసాయనంతో, తయారుచేశారు. 'అభ్రకానికి బదులు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలను అతికించి ఫార్మికా అని పేరు పెట్టారు. అలంకారం ఊసే లేదు. రంగులూ చెక్క నమూనాలూ తర్వాత వచ్చాయి. 1930ల చివర్లో మెలమైన్ రెజిన్ అందుబాటులోకి వచ్చాకే పైపొర గీతలకూ వేడికీ తట్టుకునేలా, లేత రంగులు కూడా నిలిచేలా తయారైంది.

ఇంతకీ ఇది ప్లాస్టిక్కా, కాగితమా? ప్రభుత్వాలకే ఏకాభిప్రాయం లేదు. యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ పట్టిక అలంకార లామినేట్‌ను ప్లాస్టిక్‌ల అధ్యాయమైన 39లో పెట్టింది. భారత కస్టమ్స్ పట్టికలో అలంకార లామినేట్లు అనే పద్దు కాగితపు సరుకుల అధ్యాయమైన 48లో ఉంటుంది. బరువు లెక్కన చూస్తే కాగితానిదే పైచేయి, షీటులో సుమారు అరవై శాతానికి మించి కాగితమే. కానీ చేతికి తగిలేదీ, గుడ్డతో తుడిచేదీ రెజిన్. ఒకే షీటు ఒక రేవులో కాగితంగా బయల్దేరి ఇంకో రేవులో ప్లాస్టిక్‌గా దిగితే, ఎగుమతి, దిగుమతి లెక్కలు కూడి 'ప్రపంచ మార్కెట్' అని చెప్పే నివేదికలు ఒకదానితో ఒకటి కలవకపోవడంలో వింతేముంది?

అయితే అసలు ముడి ఇది కూడా కాదు. లామినేట్ లోపలికి వెళ్లి చూడాలి.

అడుగున గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలు కొన్ని ఫినాలిక్ రెజిన్‌లో నానబెట్టి పేరుస్తారు. వాటి మీద డెకార్ పేపర్. మనం చూసే టేకు నారలూ, పాలరాతి చారలూ, తెలుపూ అన్నీ ఆ ఒక్క కాగితం మీద అచ్చయినవే. దాన్ని మెలమైన్ రెజిన్‌లో ముంచుతారు. రాపిడి ఎక్కువగా ఉండే చోటికైతే దానిపైన ఇంకో పల్చటి పారదర్శక పొర వేస్తారు. ఈ దొంతరను స్టీలు పలకల మధ్య ఉంచి, చదరపు సెంటీమీటరుకు 70 నుంచి 100 కిలోల ఒత్తిడితో, 120 నుంచి 150 డిగ్రీల వేడిలో ప్రెస్ చేస్తారు. వేడెక్కడం, చల్లారడం కలిపి ఒక విడతకు గంట అటూఇటుగా పడుతుంది. బయటికి వచ్చేది హై ప్రెషర్ లామినేట్. వ్యాపారంలో హెచ్‌పీఎల్ అంటారు. మామూలు షీటు మందం ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. అదే దొంతరలో కాగితాలు బాగా పెంచి రెండు మిల్లీమీటర్లు దాటిస్తే కాంపాక్ట్ లామినేట్. కింద బోర్డు అక్కర్లేకుండా తనంతట తాను నిలబడగలదు. పబ్లిక్ టాయిలెట్లలో గదుల మధ్య అడ్డుపలకలు చాలావరకు దీనితోనే చేస్తారు.

ఇప్పుడు అదే డెకార్ పేపర్‌కు ఉన్న రెండో దారి చూడండి. మెలమైన్‌లో ముంచిన కాగితాన్ని క్రాఫ్ట్ పొరలేవీ లేకుండా నేరుగా చెక్క రవ్వలు అదిమి చేసిన పార్టికల్ బోర్డు మీదో, చెక్క పీచు అదిమి చేసిన ఎండీఎఫ్ బోర్డు మీదో పరిచి తక్కువ ఒత్తిడితో ప్రెస్ చేస్తారు. అర నిమిషంలో పని అయిపోతుంది. విడిగా జిగురు అక్కర్లేదు, షీటు అతికించే మనిషి అక్కర్లేదు. దీన్ని ప్రీలామ్ బోర్డు అంటారు. కంటికి రెండూ ఒకటే. టేకు నార అదే, రంగు అదే. దెబ్బ తగిలినప్పుడే తేడా బయటపడుతుంది. హెచ్‌పీఎల్ కింద క్రాఫ్ట్ పొరల దన్ను ఉంది, దీనికి ఒక్క కాగితమే దిక్కు.

లామినేట్ గిరాకీ అనే మాటలోని మెలిక ఇక్కడుంది. లామినేట్ 'రూపానికి' గిరాకీ పెరుగుతూ ఉండొచ్చు, అదే సమయంలో లామినేట్ 'షీటుకు' గిరాకీ పడిపోతూ ఉండొచ్చు. ఫర్నిచర్ పని కార్పెంటర్ చేతిలోంచి ఫ్యాక్టరీకి మారే కొద్దీ అలమర లోపలి గోడలు, అరలు, వెనక పలకలు ప్రీలామ్‌కు వెళ్లిపోతాయి. చెయ్యి తగిలే తలుపులకు, గిన్నెలు రాచుకునే గట్టుకు మాత్రమే షీటు మిగులుతుంది. డెకార్ పేపర్ అచ్చువేసేవాడికి ఇదంతా పండగే, వాడి కాగితం రెండు దారుల్లోనూ వెళ్తుంది. హెచ్‌పీఎల్ ప్రెస్ నడిపేవాడికి అలా కాదు. ఒక నివేదిక 'అలంకార ఉపరితలాల మార్కెట్ పెరిగింది' అని రాస్తే, ఇంకో నివేదిక 'హెచ్‌పీఎల్ మందగించింది' అని రాస్తే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. పైగా పెద్ద ఫర్నిచర్ ఫ్యాక్టరీలు కొన్ని కాగితం కొని తమ బోర్డులు తామే ప్రెస్ చేసుకుంటాయి. ఆ సరుకు ఎక్కడా అమ్ముడుపోదు కనుక అమ్మకాల లెక్కలోకి రాదు. ఇంకో పక్క కాగితం ధరను, బోర్డు ధరను, అలమర ధరను కలిపేసి ఒకే పొరను మూడుసార్లు లెక్కపెట్టేవారూ ఉంటారు. నా మటుకు నేను చదరపు మీటర్లలో ఇచ్చిన అంకెనే కాస్త నమ్ముతాను. డబ్బులో ఇచ్చిన అంకెలో ధరల పెరుగుదల, మారకం రేటు కూడా కలిసిపోయి ఉంటాయి.

చదరపు మీటర్లలోనూ ఒక తిరకాసుంది. బోర్డుకు ఒక పక్కనే లామినేట్ అతికిస్తే, గాలిలో తేమ మారినప్పుడు రెండు ముఖాలూ ఒకేలా సాగవు, పలక వంగిపోతుంది. అందుకని వెనక వైపు కూడా సాటి పొర ఒకటి వేయాలి. అది సాదా బ్యాకర్ షీటు కావచ్చు, చవకరకం లైనర్ కావచ్చు. కంటికి ఒక చదరపు మీటరు కనిపిస్తే, దాని వెనక దాదాపు అంతే సరుకు దాగి ఉంటుంది. ఆ వెనక పొరను లెక్కలో కలిపారా, వదిలేశారా అన్నదాన్ని బట్టే మొత్తం ఎంతో తేడా వస్తుంది.

ఇక గిరాకీ ఎప్పుడు వస్తుందన్న సంగతి. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటుకు, ఉక్కుకు గిరాకీ మొదట్లోనే వస్తుంది. లామినేట్ వంతు గోడలకు సున్నాలయ్యాక, నేల పరిచాక. అందుకే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ ఏడాది అమ్మకాలకన్నా కిందటేడాది కట్టడాల అనుమతుల వైపు ఎక్కువగా చూస్తారు. పునాది పడిన చోట షీటు పడటానికి ఏడాదో, ఏడాదిన్నరో తేడా ఉంటుంది. నిర్మాణాలు ఆగిపోయినా లామినేట్ ఫ్యాక్టరీ కొన్నాళ్లు కులాసాగానే నడుస్తుంది, ముందే మొదలైన ఇళ్లు పూర్తవుతుంటాయి కాబట్టి. తర్వాత ఒక్కసారిగా ఆర్డర్లు ఎండిపోతాయి.

కొత్త కట్టడాలకన్నా అంచనాకు లొంగనిది పాత ఇళ్ల మరమ్మతు. మనుషులు వంటగదిని ఎప్పుడు మారుస్తారు? ఎక్కువగా ఇల్లు చేతులు మారినప్పుడు. అమ్మేవాడు అందంగా చూపించడానికి మారుస్తాడు, కొన్నవాడు తన ఇష్టానికి మార్చుకుంటాడు. ఇళ్ల అమ్మకాలు తగ్గితే ఈ రెండూ తగ్గుతాయి. అమెరికాలో జరిగింది చూడండి. కోవిడ్ కాలంలో ఇంట్లో కూర్చున్న జనం ఇళ్లకు మెరుగులు దిద్దుకున్నారు. 2022 మార్చి దాకా సున్నాకు అంటుకుని ఉన్న, అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2023 జులై నాటికి 5.25–5.50 శాతానికి చేరింది. పాత చవక వడ్డీకి గృహరుణం తీసుకున్నవాళ్లు ఇల్లు మారితే కొత్త వడ్డీ కట్టాలి కదా, కదలకుండా కూర్చున్నారు. 2023లో అక్కడ పాత ఇళ్ల అమ్మకాలు 40.9 లక్షలకు పడిపోయాయి. 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. కేంద్ర బ్యాంకు తీసుకునే నిర్ణయం, ఎన్నో చేతులు దాటి, ఒక బల్ల మీది పొర దాకా వస్తుంది.

ఆఫీసులు, దుకాణాలు, ఆసుపత్రులు, బడుల లెక్క వేరు. అక్కడ ఎంచుకునేది వాడేవాడు కాదు. ఆర్కిటెక్ట్ కాగితం మీద ఫలానా షేడు, ఫలానా ఫినిష్ అని రాస్తాడు. ఒకసారి రాశాక అదే రావాలి. అందుకే కంపెనీలు ఆర్కిటెక్టుల బల్లల మీదికి బిళ్లల్లాంటి నమూనా ముక్కలను ఉచితంగా పంపుతూనే ఉంటాయి. ఇళ్లకు వచ్చేసరికి అసలు నిర్ణయం చాలాసార్లు డీలరు గోడౌనులోనే జరిగిపోతుంది. కేటలాగులో వెయ్యి షేడ్లు ఉంటాయి. కొనేవాడు ఓపికగా తిప్పి ఒకటి చూపిస్తాడు. 'అది రావడానికి మూడు వారాలు పడుతుందండీ, ఇది రెడీగా ఉంది' అంటాడు అమ్మేవాడు. పని ఆగకూడదు కాబట్టి రెడీగా ఉన్నదే గోడెక్కుతుంది. నెలాఖరు అమ్మకాల పట్టికలో ఆ షేడుకు 'గిరాకీ బాగుంది' అని నమోదవుతుంది. దాన్ని చూసి ఫ్యాక్టరీ అదే మరింత తయారు చేస్తుంది. కొనేవాళ్ల అభిరుచి అని మనం అనుకునేదానిలో కొంత భాగం నిజానికి గోడౌనులో ఉన్న సరుకే.

కేటలాగు ఎందుకింత లావుగా ఉంటుంది అంటే, గుణకారం వల్ల. 200 డిజైన్లు, ఒక్కోదానికి 6 ఫినిష్‌లు, 3 మందాలు అనుకుంటే 3,600 రకాలు. ఏ రకమూ లేదనకూడదు, అన్నీ తయారుచేసి పెట్టకూడదు. పాత పద్ధతిలో కొత్త డిజైన్ అంటే కొత్తగా చెక్కిన అచ్చు సిలిండర్లు. కొత్త గరుకుదనం అంటే కొత్త స్టీలు ప్రెస్ పలకలు. చెక్క నార గీత ఎక్కడుందో, చేతికి తగిలే గాడి కూడా సరిగ్గా అక్కడే పడేలా చేయాలంటే ఆ రెండూ ఒకదానికొకటి జతగా తయారుకావాలి. ఇంత ఖర్చు రాబట్టుకోవాలంటే ఒక డిజైన్ టన్నుల కాగితం మీద అచ్చవ్వాలి. డిజిటల్ ప్రింటింగ్ ఇక్కడే దారి తెరిచింది. సిలిండరు లేదు కాబట్టి కొద్ది షీట్లకు కూడా అచ్చు వేయవచ్చు. పెద్ద ఆర్డర్లలో మాత్రం సిలిండర్‌దే చవక. గిరాకీ ముక్కలైతే డిజిటల్‌కు లాభం, గుంపుగా ఒకే తెలుపు మీద పడితే సిలిండర్‌కు లాభం. ఎన్ని ఫ్యాషన్లు వచ్చినా తెలుపు, బూడిద, రెండు మూడు చెక్క షేడ్లే బరువు మోస్తుంటాయి, మిగతావి కేటలాగుకు అందం.

ధర సంగతికి వద్దాం. సూత్రం ప్రకారం ధర పెరిగితే గిరాకీ తగ్గాలి. ఇక్కడ అది నేరుగా పనిచేయదు. మొత్తం వంటగది ఖర్చులో షీటు వాటా చిన్నది. బోర్డు, హార్డ్‌వేరు, కూలీ ముందు అది ఎంత? షీటు ధర పెరిగిందని ఎవరూ అలమర మానుకోరు. కానీ ఒక మిల్లీమీటరు బదులు 0.8 తీసుకుంటారు. పేరున్న బ్రాండ్ బదులు పేరులేనిది తీసుకుంటారు. లోపలి వైపు షీటు మానేసి ప్రీలామ్ వేస్తారు. చదరపు మీటర్లు అలాగే ఉంటాయి, డబ్బు కిందికి జారుతుంది.

ధరలు పెరగడానికి కారణాలు తరచూ ఫ్యాక్టరీకి చాలా దూరంలో ఉంటాయి. ఫినాలిక్ రెజిన్‌కు కావలసిన ఫినాల్ ముడిచమురు నుంచి వస్తుంది. ఫార్మాల్డిహైడ్ మిథనాల్ నుంచి, మెలమైన్ యూరియా నుంచి వస్తాయి. వీటికి మూలం ఎక్కువగా సహజవాయువు. కింద ఉన్న బోర్డు కనబడకుండా డెకార్ పేపర్ తెల్లగా, చిక్కగా ఉండాలంటే టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల రంగుపొడి కావాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుపాను కమ్మి పెట్రోకెమికల్ ప్లాంట్లు మూతపడ్డప్పుడు, 2022లో యూరప్‌లో గ్యాస్ ధర మండిపోయినప్పుడు రెజిన్ వాడే ప్రతి పరిశ్రమకూ సెగ తగిలింది.

పోటీ కింది నుంచే కాదు, పై నుంచి కూడా ఉంది. వంటగట్టు మీద లామినేట్‌కు ఒకప్పుడు పశ్చిమ దేశాల్లో ఎదురులేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లక్షల ఇళ్లు లేచినప్పుడు గట్లన్నీ దీనివే. 1950లో డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ ఫార్మికా కోసం గీసిన బూమరాంగ్ ఆకారాల డిజైను ఆ కాలానికి గుర్తుగా నిలిచింది. తర్వాత గ్రానైట్ వచ్చింది, ఆపైన క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో కలిపి చేసే కృత్రిమ రాయి వచ్చింది. లామినేట్ 'చవక' అనే ముద్ర మోయాల్సి వచ్చింది. అందరూ అలా చూడలేదు లెండి. 1981లో ఇటలీలోని మిలాన్‌లో డిజైనర్ ఎత్తోరె సొట్సాస్ చుట్టూ చేరిన మెంఫిస్ బృందం, రాయినో చెక్కనో అనుకరించని, తాను లామినేట్‌నని చాటుకునే షీట్లతో ఫర్నిచర్ చేసింది. చవక అని తీసిపారేసిన సరుకును కళాఖండాల వరసలో నిలబెట్టడం ఆ బృందం చేసిన కొంటెపని, అందులో కొంత న్యాయం కూడా ఉంది.

పై నుంచి వచ్చే పోటీ ఒక చట్టంతో తారుమారు కావచ్చు. కృత్రిమ రాతిని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తోందని తేలాక ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాతి తయారీ, సరఫరా, బిగింపు అన్నిటినీ నిషేధించింది. ఒక్క దెబ్బతో అక్కడి వంటగట్ల మీద ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీ కోసం పింగాణీ పలకలు, సహజ రాయి, సిలికా లేని కొత్తరకం పలకలు, లామినేట్ అన్నీ పోటీపడుతున్నాయి. చట్టం లామినేట్‌కు ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. భవనాల బయటి గోడలకు కాంపాక్ట్ లామినేట్ పలకలు తొడగడం యూరప్‌లో బాగా నడిచిన ఫ్యాషన్. లండన్‌లో 2017 నాటి గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత, 2018 డిసెంబరులో, 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడల్లో మండే సరుకులు వాడకూడదని ఇంగ్లండ్ నిబంధన తెచ్చింది. గ్రెన్‌ఫెల్ గోడకున్నవి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టిన పలకలు, లామినేట్ కాదు. కానీ సగానికి పైగా కాగితమే ఉన్న పలక మండదని నిరూపించుకోవడం ఎలా? 2019 నవంబరులో ఇంగ్లండ్‌లోనే బోల్టన్ ఊళ్లో మంటలంటుకున్న విద్యార్థి వసతి భవనం 'ది క్యూబ్' గోడలకు ఉన్నవి హెచ్‌పీఎల్ పలకలే. ఎత్తైన ఇళ్ల బయటి గోడ అనే మార్కెట్ అక్కడ దాదాపు మూసుకుపోయింది. లోపలి గోడలకు ఆ ఇబ్బంది లేదు గానీ ఫార్మాల్డిహైడ్ గొడవ ఉంది. ఫర్నిచర్ నుంచి ఇంటి గాలిలోకి వెలువడే ఈ వాయువుకు యూరోపియన్ యూనియన్ ఘనపు మీటరుకు 0.062 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. అమలు తేదీ 2026 ఆగస్టు 6. ఇక్కడ ఎక్కువ అనుమానం షీటు మీద కాదు, దాని కింద దాక్కున్న బోర్డు జిగురు మీద.

ఒక ప్రశ్న మిగిలింది. ఈ సరుకు అంత తేలిగ్గా అరిగిపోదు. మెలమైన్, ఫినాలిక్ రెండూ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగని రకం రెజిన్లు. వాటి దీర్ఘాయువుకు కారణం అదే, చెత్తలో పడ్డాక కరిగించి కొత్త షీటు చేయలేకపోవడానికీ కారణం అదే. 1950ల నాటి హోటల్ బల్లలు కొన్ని ఇంకా వాడకంలో ఉన్నాయి. మరి అరగని దానికి రెండోసారి గిరాకీ ఎలా వస్తుంది? ముందు పోయేది షీటు కాదు. అంచు పట్టీ ఊడుతుంది, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి, పార్టికల్ బోర్డు నానిన అటుకుల్లా ఉబ్బుతుంది. తలుపు మొత్తం తీసేస్తారు. అంతకన్నా ఎక్కువసార్లు అది కూడా జరగదు. చూసి చూసి విసుగొస్తుంది అంతే. మెరిసే ఎరుపు పోయి వేలిముద్రలు పడని మ్యాట్ నలుపు వస్తుంది, అదీ పోయి మళ్లీ లేత చెక్క రంగు వస్తుంది. కొత్త షేడు కోసం పీకి పారేసిన తలుపు మీద పాత పొర మాత్రం, తడిగుడ్డతో తుడిస్తే, అప్పుడే ప్రెస్ నుంచి తీసినట్టు ఉంటుంది.